రామేశ్వరం వీడియో చేసిందెవరు

మా ఆయన పోలేరయ్యకు ఒళ్లంతా ఓపికే. నాకు అందులో పిసరంత కూడా లేదు. ముత్తుకూరు బస్టాండు దగ్గర మాకో ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు నేనే తీసేస్తాను. ఆయన మాత్రం లోపల కంప్యూటరు ముందు కూర్చుని జనం యాత్రల ఫోటోలకు పాటలు అతికిస్తూ ఉంటాడు. వేసవిలో సర్కారు చేపల వేట ఆపించే రోజుల్లో సముద్రం ఒడ్డు పాలేల వాళ్లు బస్సులు మాట్లాడుకుని రామేశ్వరం, పళని, కాశీ తిరిగొస్తారు. రాగానే ఫోన్లన్నీ తెచ్చి మా బల్ల మీద పోస్తారు. ఒకే గోపురం ముందు అందరూ ఒకే రకంగా బిగుసుకుని నిలబడిన ఫోటోలు. చూస్తే నాకు తలనొప్పి. ఆయన మాత్రం ఏ ఫోటో తర్వాత ఏది రావాలి, ముసలమ్మ నవ్వే చోట వేణువు వచ్చిందా లేదా అని ఒక్కో వీడియోతో రోజుల తరబడి కొట్టుకుంటాడు.

"నువ్వు పెట్టే ఆ వేణువు వాళ్ల చెవికి ఆనతాదా?" అని అరుస్తాను.

"ఆనతాది లేవే" అంటాడు. అంతే.

ఈ మధ్య గిరాకీ పడిపోయింది. ఫోనే పైసా ఖర్చు లేకుండా వీడియో చేసి ఇస్తోంది కదా! ఆ మాట ఎవరైనా అంటే మాత్రం ఆయనకు ఎక్కడలేని రోషం వస్తుంది. "అది వీడియో కాదబ్బయ్యా, బొమ్మల్ని కుప్ప పోయడం. మనిషి మనసు పెట్టకుండా వీడియో ఎట్టవతాది?" అంటాడు. మహాలక్ష్మితోనూ ఇదే అన్నాడు. అదే మా కొంప ముంచింది.

మహాలక్ష్మిది పక్క పాలెం. ఎండు చేపల గంప ఎత్తుకుని మా వీధికి వస్తుంది. ఆయన్ని అన్నా అనీ, నన్ను వొదినా అనీ పిలుస్తుంది. పోయిన వేసవిలో మొగుడూ పెళ్లాలు రామేశ్వరం పోయొచ్చారు. వీడియో చేయిస్తానని వాళ్లాయన మస్తాన్ చెబుతూనే ఉన్నాడు. దర్గాకు మొక్కుకుని ఇలాంటి పేర్లు పెట్టుకోవడం ఇక్కడి హిందువులకూ అలవాటే. ఆ పని కాకముందే కార్తీకంలో వేటకు పోయిన పడవ తిరగబడింది. తోడు పోయిన ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు. మస్తాన్ రాలేదు, శవమూ దొరకలేదు. ఇంట్లో పెద్దవాళ్లు నెలల తరబడి ఎదురుచూసి, మళ్లీ వేసవి వచ్చాక, ఇక కర్మ చేసేద్దామని ఓ ఆదివారం ఖాయం చేశారు.

ఆ ముందు గురువారం ఆమె గంప లేకుండా వచ్చింది. మొహం వెలిగిపోతోంది. వెనకాలే ఆమె మామ, మస్తాన్ తండ్రి హజరత్తయ్య, తల దించుకుని.

"అన్నా, ఆయన వీడియో పంపించినాడు!"

ఆమె ఫోను మా ఆయన చేతిలో పెట్టింది. ఏదో పెళ్లి ఊరేగింపులా హుషారు వాయిద్యం. పాంబన్ వంతెన. గుడిలో తీర్థాల బావుల దగ్గర తడి బట్టలతో మహాలక్ష్మి. పరోటా నోట్లో కుక్కుకుంటూ తన ఫోటో తానే తీసుకున్న మస్తాన్. చివరన, బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మహాలక్ష్మి.

"ఇవి నేను తీసినవి కాదన్నా, ఆయన ఫోన్లో తీసినాడు. ఆ ఫోను ఆయన జేబులోనే ఉండె. యాడ్నో ఒడ్డుకు చేరి ఉంటాడు గదా? చూడు, నేను నోరు తెరుచుకోని నిద్రపోయేది కడాన పెట్టినాడు. నన్ను ఎగతాళి చేసేదానికి ఇంకెవురు పెడతారు?"

"ఇంట్లో ఎవురు చెప్పినా ఇనడంలా పోలేరయ్యా. నువ్వు చెబితే ఇంటానంటాంది" అన్నాడు హజరత్తయ్య.

"నీ పనే గదన్నా ఇది. మనిషి చేసినాడని నువ్వంటే ఈ బొట్టు తీసేదే లేదు, ఎవురొచ్చి కూర్చున్నా సరే. కాదంటే ఆదివారం కర్మకు కూర్చుంటా."

ఆయన వీడియో మళ్లీ చూశాడు. మరోసారి చూశాడు. నాకు అప్పటికే అర్థమైపోయింది. ఫోన్లు కొన్నప్పుడు మస్తాన్ రెండింటికీ ఒకే ఈమెయిల్ పెట్టించుకున్నాడు. ఆ పని చేసిపెట్టింది మా ఆయనే. దాంట్లో తీసిన ఫోటోలు దీంట్లోకీ వస్తాయి. యాత్రకు ఏడాది నిండిందని తారీఖు చూసుకుని, ఫోనే కొన్ని ఏరి, పాట తగిలించి వదిలింది. నిద్రపోయే ఫోటో చివర పడటం మా ఖర్మ.

చెప్పెయ్యమని కళ్లతో సైగ చేశాను. వద్దని సైగ చేసిందీ నేనే.

"మనిషి చేసింది కాదమ్మా" అన్నాడు చివరికి. "ఫోనే చేసుకునింది."

"ఊరకే చెప్పబాకన్నా! మనిషి మనసు పెట్టకుండా కాదని నువ్వే గదా అంటివి?"

"అంటిని. గిరాకీ పోతాదని అంటిని తల్లీ."

"మరి నేను నిద్రపోయేది?"

"దానికి నువ్వెవురో కూడా తెలీదమ్మా."

ఇన్నేళ్ల కాపురంలో ఆయన గొంతు అంత నీరసంగా ఎప్పుడూ వినలేదు. ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయింది అని నాకు ఆయన మీద మండిపోయింది. ఆడి ఉంటే అంతకంటే ఎక్కువ తిట్టేదాన్ని. నాకేం కావాలో నాకే తెలియలేదు.

హజరత్తయ్య బయటికి వెళ్లి మెట్టు మీద కూలబడ్డాడు. మహాలక్ష్మి ఏడవలేదు. ఫోను వైపే చూస్తూ, "ఇది మళ్లీ చేస్తాదా?" అని అడిగింది.

"చేస్తాది. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు చేస్తాది."

"ఇట్టాంటి పాటతోనేనా?"

"ఏ పాటైనా పెడతాది."

"ఆపెయ్యన్నా. ఆదివారం అందరి ముందర ఇది మోగిందంటే నేను తట్టుకోలేను."

ఆయన ఫోను తీసుకుని ఎక్కడెక్కడో నొక్కి, మస్తాన్ మొహం ఉన్న చోటు పట్టుకున్నాడు. గుండ్రటి బొమ్మలో బుగ్గ నిండా పరోటాతో మస్తాన్. కింద తెలుగులోనే అడుగుతోంది, ఈ వ్యక్తిని ఇకపై చూపవద్దా అని.

ఆయన వేలు దాని మీదికి వెళ్లి వెనక్కి వచ్చింది. "నువ్వు నొక్కమ్మా" అని ఆమెకిచ్చాడు. ఆమె చాలాసేపు చూసి నా వైపు తిరిగింది.

"వొదినా, నువ్వు నొక్కు. నీకు గుండె ధైర్యం జాస్తి."

నిజమే, ఈ బజారులో నా నోటికి జడవని వాడు లేడు. దీనికేముంది, ఒక్క నొక్కు. ఫోను తీసుకున్నాను. మస్తాన్ నా వైపే చూస్తున్నాడు. నా వల్ల కాలేదు. బల్ల మీద పెట్టేశాను.

ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం. ఎవరమూ చెయ్యి చాపలేదు. కాసేపటికి అది దానంతట అదే ఆరిపోయింది.