అవ్వ చేటలో నా కాలేజీ

మొన్న పిట్లం నుంచి మా ఊరు బాన్సువాడ వస్తుంటే బస్సులో ఒక ముసలామె నా కాళ్ళ దగ్గర గోనెసంచి పెట్టింది. లోపల బీడీలు చుట్టడానికి తడిపిన తునికాకు. ఆ వగరు వాసన తగలగానే కిటికీ తెరిచాను. చిన్ననాటి వాసనలంటే అందరికీ ప్రాణం లేచొస్తుందట. నేను మాత్రం దిగేదాకా మొహం కిటికీ బయటే పెట్టుకున్నాను.

మా వాడలో ఏ అరుగు చూసినా ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో చేటలు, చేటల్లో తంబాకు. వానాకాలం ఆకు బూజు పట్టకుండా పొయ్యి పక్కన ఆరబెట్టేవాళ్ళు, ఎండాకాలం పెళుసుబారితే నీళ్ళు చిలకరించి తడిగోనెలో చుట్టేవాళ్ళు. మా ఇంట్లో అన్నం, పచ్చిపులుసు, చివరికి బతుకమ్మ పండుగకు చేసిన మలీద ముద్దలు కూడా తంబాకు వాసనే వేసేవి. కచ్చకాయలాటలో ఓడిన పిల్ల గెలిచిన పిల్ల తల్లికి ఆకు కత్తిరించి పెట్టాలి. అదీ మా ఆటల సంబరం.

మా అమ్మను నేను అవ్వ అనేదాన్ని. నాయన నేను పుట్టిన ఏడే పోయాడు. అవ్వ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుని, ఎదురింటి ఆమెతో పరాచికాలాడుతూనే, చేటవైపు చూడకుండా బీడీలు చుట్టేది. వాటిని తీసుకునే థేకేదారు కట్టలు విప్పి, మూతి సరిగా లేదని కొన్ని పక్కన పడేసేవాడు. వాటికి కూలి లేదు. అవి మాత్రం వెనక్కి ఇచ్చేవాడు కాదు, దొంగముండాకొడుకు.

నేను పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన ఏడు, బీడీ కార్మికుల గుర్తింపు కార్డున్న ఆడవాళ్ళ పిల్లలకు సర్కారు స్కాలర్‌షిప్పు ఇస్తుందని తెలిసింది. కార్డు ఇప్పించాల్సింది థేకేదారే. నెలలు తిప్పించుకుని, ఆఖరికి అవ్వ చేతిలో కార్డు పెడుతూ ఒక మాటన్నాడు.

"ఎన్ని బీడీలు జుడితే గంత స్కాలర్‌షిప్పు, రాజవ్వా. తగ్గినయంటే సర్కారు బంద్ జేస్తది."

చుట్టినదాన్ని బట్టే కూలి వచ్చే ఇల్లు మాది. స్కాలర్‌షిప్పు కూడా అలాగే వస్తుందని అవ్వా నమ్మింది, నేనూ నమ్మాను. ఆనాటి నుంచి అవ్వ అరుగు మీద పరాచికాలు మానేసింది.

తెల్లవారగానే ఆకు కత్తిరించి ఇచ్చి కాలేజీకి పరుగెత్తేదాన్ని. నా పక్కన కూర్చునే కోటగిరి పిల్ల ముక్కుకు ఓణీ అడ్డం పెట్టుకునేది. చేతులు ఎంత రుద్దినా ఆ వాసన పోయేది కాదు. ఆ కసితోనే చదివాను, క్లాసులో ఎవరినీ ముందుకు పోనివ్వలేదు.

డిగ్రీలో చేరిన ఏడు అవ్వకు దగ్గు పట్టుకుంది. తంబాకు ముట్టితే బతకవని దవాఖానలో డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఇంటికి రాగానే అవ్వ మళ్ళీ చేట ఒళ్ళోకి లాక్కుంది. నేను గుంజుకోబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

"నా చేతులాగితే నీ సదువాగుతది. పో, సదువుకో."

ఆఖరి పరీక్షలకు ముందు, చలికాలంలో, అవ్వ దగ్గి దగ్గి పోయింది. దినాలయ్యాక కార్డు తిరిగి ఇవ్వడానికి బీడీ కార్ఖానాకు పోయాను. అక్కడ లెక్కలు చూసే కొత్త గుమాస్తా అవ్వ చుట్టిన బీడీల లెక్క చూసి నోరు తెరిచాడు.

"పానం బాగలేనిది గిన్ని ఎందుకు జుట్టిందమ్మా? కార్డుండి ఎంతో కొంత పని జేస్తే సాలు. ఎన్ని జుట్టినా స్కాలర్‌షిప్పు గంతే."

కట్టకింతని కమీషన్ తినే థేకేదారు, పక్కనే కూర్చుని పాన్ నములుతూ, తల కూడా ఎత్తలేదు.

ఇప్పుడు ఆ కార్ఖానా లేదు, మా అరుగులు లేవు, వాటి మీద కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది అవ్వలాగే దగ్గి పోయారు. స్కాలర్‌షిప్పుతో, కష్టపడి చదివి లెక్చరరు అయ్యానని ఊరు నన్ను మెచ్చుకుంటుంది. ఎవరి కష్టమని ఎవరూ అడగరు. నేను మొక్కాల్సినవి అవ్వ చేతులు. అవి లేవు.

మొన్న బస్సు దిగి నడుస్తుంటే, కార్ఖానా ఉన్నచోట మనవడి సెల్‌ఫోన్ల దుకాణం ముందు కుర్చీలో ఉన్నాడు థేకేదారు. మనవడు నా పేరు ఆయన చెవిలో అరిచి చెప్పాడు.

"నేనిప్పిచ్చిన కార్డే గదా బిడ్డా, నిన్ను సదివిచ్చింది," అన్నాడు ముసలాయన.

"నీ కార్డు నన్ను చదివించింది. నీ అబద్ధం మా అవ్వను చంపింది," అన్నాను.

మనవడు తల దించుకున్నాడు, అది మాత్రం చెవిలో చెప్పలేదు. ముసలాయన నేను కృతజ్ఞతలు చెప్పాననుకుని, బోసినోటితో నవ్వి, చల్లగా బతుకమని నన్ను దీవించాడు.