పెద్దక్క అమ్మిన మొదటి ట్యాబ్

ఆ ఫోన్ల కంపెనీ షాపులో అందరూ ఆమెను పెద్దక్క అనేవాళ్ళు. ఆమెకంటే రెండేళ్ళు పెద్దవాడైన మేనేజరు కూడా అలాగే పిలిచేవాడు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. తర్వాత, పిలిచేవాడికి లేని సిగ్గు పలికేదానికెందుకని ఊరుకుంది.

పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని అద్దాల బీరువాలు సర్దడం. కొత్త ఫోను వచ్చినప్పుడల్లా దాంతోపాటు ఒక డమ్మీ వస్తుంది. లోపల ఏమీ ఉండదు, వట్టి ప్లాస్టిక్ డొల్ల, తెర ఉండాల్సిన చోట అతికించిన కాగితం. ఆ డమ్మీలను తుడిచి వరసగా నిలబెట్టాలి, కింద ధర చీటీలు పెట్టాలి, జనం ముట్టుకుని చూసే అసలు ఫోన్లకు తీగ తగిలించి తాళం వెయ్యాలి. ఆ తాళంచెవుల గుత్తి పెద్దక్క నడుముకే వేలాడేది. ఎవరైనా తీగ లాగితే కొట్టంతా కుయ్యోమని మొత్తుకునేది.

అమ్మే పని మాత్రం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఒక్కసారి ఇచ్చి చూశారు. ఆరోజు జనం ఎక్కువైపోయి ఆమెను కూడా కౌంటరు దగ్గర నిలబెడితే, ఒకాయన వచ్చి అన్నిటికంటే ఖరీదైన ఫోను చూపించమన్నాడు. దేనికండీ అని అడిగింది పెద్దక్క. కూతురితో మాట్లాడడానికి అన్నాడాయన. మాట్లాడడానికే అయితే ఆ చివరున్న చిన్నది చాలని ఈవిడ సలహా చెప్పింది. ఆయన సంతోషంగా చిన్నది కొనుక్కుని, పోతూ పోతూ మేనేజరు దగ్గరకు వచ్చి మరీ ఆమెను మెచ్చుకున్నాడు. మేనేజరు ముఖం కందగడ్డ అయింది. మర్నాటి నుంచి పెద్దక్క మళ్ళీ గుడ్డ పట్టుకుంది.

ఇలా సాగుతుండగా పైనుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట బీరువాలు సర్దే పని కాంట్రాక్టు వాళ్ళు వచ్చి చేసిపోతారట, పెద్దక్కను ఊరి చివర గోదాముకు మారుస్తారట. గోదాముకు రెండు బస్సులు మారాలి. అది పెద్ద బాధ కాదు. అక్కడ అట్టపెట్టెలు తప్ప మాట్లాడడానికి మనిషి ఉండడు. పెద్దక్క సంగతి తెలిసినవాళ్ళెవరికైనా అది ఎంత పెద్ద శిక్షో చెప్పక్కర్లేదు. మేనేజరు కూడా మంచివాడే, ముఖం కందగడ్డ చేసుకున్నా మనసులో ఏమీ పెట్టుకోడు. కౌంటర్లో ఒక ఖాళీ ఉంది, ఆమెకిద్దామని పైవాళ్ళతో పోట్లాడాడు. వాళ్ళు ఒక షరతు పెట్టారు. కొత్త ట్యాబ్ విడుదలయ్యే రోజున ఏరియా ఆఫీసరు వచ్చి కూర్చుంటాడు, ఆయన కళ్ళెదుట పెద్దక్క ముగ్గురికి దాన్ని చూపించాలి, ఒక్కరైనా కొనాలి. కొంటే కౌంటరు, లేకపోతే గోదాము.

ఆ ట్యాబ్ సంగతి అప్పటికి రెండు నెలలుగా పోస్టర్లలో మోగిపోతోంది. కంపెనీ తన సిమ్ము వేసి తనే అమ్ముతోంది, ఇంకెక్కడా దొరకదు. ఇంటికి ఇంటర్నెట్ తీగ లాగించుకోనక్కర్లేదు, వైఫై అక్కర్లేదు, పెట్టెలోంచి తీసి వాడుకోవడమే. దాన్ని అమ్మేవాళ్ళు చెప్పాల్సిన పది వాక్యాలు ఒక కాగితం మీద అచ్చువేసి పంపారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కాబట్టి పెద్దక్క ఇంట్లో మొదలుపెట్టింది. కూరగాయలు తరిగే చెక్కను కడిగి తుడిచి ట్యాబ్ చేసుకుంది. అత్తగారు మంచం మీద కాళ్ళు చాపుకుని కొనడానికొచ్చిన మనిషి వేషం కట్టింది. మీ ప్రపంచం మీ చేతిలో అని కోడలు మొదటి వాక్యం అందుకోగానే, అత్తగారు ఆ చెక్కను చేతిలోకి తీసుకుని వాసన చూసి, నా ప్రపంచం ఉల్లిపాయ కంపు కొడుతోందంది. ఇంత పెద్దదాన్ని చెవికెలా ఆనించుకుంటారని అడిగింది. ఇద్దరూ నవ్వీ నవ్వీ ఆరోజుకి చాలించారు. ఐదు సాయంత్రాలు గడిచేసరికి పది వాక్యాలూ అత్తగారికి కంఠతా వచ్చేశాయి. కోడలికి మాత్రం నాలుగోది దాటితే నోరు ఎండిపోయేది.

చివరి రోజున అత్తగారు నవ్వలేదు. చెక్కను పక్కన పెట్టి, "నువ్వు పెట్టెల మధ్య ఉండలేవే. ఎలాగోలా ఆ ఒక్కటీ అమ్మేసిరా," అంది. ఆ మాటతో పెద్దక్కకు నిజంగా భయం పట్టుకుంది.

విడుదల రోజు వచ్చింది. పైనుంచి పటం గీసి పంపినట్టే కొట్టు నడిమధ్యన, కొత్త దీపాల కింద, తెల్లటి బల్ల వేశారు. దాని మీద ఒకే ఒక్క ట్యాబ్‌ను పెళ్ళికొడుకులా కూర్చోబెట్టి తీగ తగిలించారు. ట్యాబ్ గొప్పతనమంతా కంపెనీ సిగ్నల్‌తో నడవడంలోనే ఉంది కాబట్టి ఆరోజు షాపులో వైఫై ఆపెయ్యమని ఆజ్ఞ. ఆపేశారు. ఏరియా ఆఫీసరు కుర్చీలో కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకున్నాడు. ఆ అట్ట మీది కాగితంలో పది వాక్యాలకు పది గడులున్నాయి.

మొదట ఒక స్కూలు మాస్టారు వచ్చాడు. పెద్దక్క మొదటి వాక్యం చెప్పి తెర మీద వేలు పెట్టింది. తెర మీద ఒక చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. రెండో వాక్యం అయింది, మూడో వాక్యం అయింది, చక్రం తిరుగుతూనే ఉంది. మాస్టారు గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఒక మొగుడూ పెళ్ళాం. వాళ్ళకూ చక్రమే కనిపించింది. కొట్లో మాటల మిషను అని పేరున్న కుర్ర సేల్స్‌మన్ సాయం వచ్చి నాలుగు జోకులు వేశాడు గానీ, జోకులు కొనడానికి ఎవరొస్తారు? వాళ్ళూ పోయారు. మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నిన్న గోదాములో చూస్తే బాగానే నడిచిందే అని అందరికీ చెబుతున్నాడు.

పెద్దక్క కళ్ళు చక్రం మీదనుంచి గుమ్మం వైపు వెళ్ళాయి. ఎవరికో ఫోనొచ్చింది. వాడు మామూలుగా గుమ్మం దాటి ఫుట్‌పాత్ మీదకు పోయి మాట్లాడుతున్నాడు. అప్పుడు వెలిగింది ఆమెకు. పద్దెనిమిదేళ్ళుగా అందరూ చేస్తున్నది అదే. కొట్టుకున్న ఇనప స్తంభాల మధ్య కంపెనీ సిగ్నల్ ఏనాడూ సరిగా రాలేదు, కాళ్ళు అలవాటుపడి వాటంతటవే బయటికి నడిచాయి, బుర్రకు తట్టనేలేదు. లోపల ఏది చూపించినా వైఫై మీద చూపించేవాళ్ళు. ఊరందరికీ సిగ్నల్ అమ్ముకునే కొట్లో సిగ్నల్ లేదు. దీపం కింద చీకటి అంటే అదే మరి.

అప్పుడు మూడో బేరం వచ్చింది. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ, మెడలో టేపు వేసుకునే వచ్చింది. గౌన్ల నమూనాలు పెద్ద తెర మీద చూపిస్తే కుట్టించుకునేవాళ్ళకు తేలికగా ఉంటుందని ఆమె ఆశ. చక్రం తిరుగుతోంది. నాలుగో వాక్యం పెద్దక్క నోటిదాకా వచ్చింది. అది, ఎక్కడున్నా సరే మీతోనే ఉంటుంది, అనే వాక్యం. అది అనేస్తే ఒక గడిలో టిక్కు పడుతుంది. ఆమె ఆవిడ ముఖంలోకి చూసింది. గోదాము గుర్తొచ్చింది, అత్తగారూ గుర్తొచ్చింది. అయినా ఆ మాట నోరు దాటలేదు.

"మా కొట్లో సిగ్నల్ రాదండీ," అంది పెద్దక్క కుండ బద్దలు కొట్టినట్టు. "మీ కొట్లో వస్తుందో రాదో చూసుకోకుండా కొనకండి. పదండి, చూద్దాం."

నడుముకున్న గుత్తిలోంచి తాళంచెవి తీసి తీగ ఊడదీసింది. ఆ రోజు బల్లకు కొత్త అలారం బిగించారని ఆమెకు తెలియదు. కొట్టు కుయ్యోమని మొత్తుకుంది. పెద్దక్క ట్యాబ్‌ను చంకన పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిడతో వీధిలోకి నడిచింది. వెనకాల ఏరియా ఆఫీసరు అట్టతో, ఆయన వెనక మేనేజరు, మేనేజరు వెనక మాటల మిషను, తొలిసారిగా నోట మాట లేకుండా. వీధిలోవాళ్ళు దొంగను తరుముతున్నారనుకుని దారిచ్చారు.

కుట్టు మిషను పక్కన నిలబడి వేలు పెట్టగానే తెర నిండా గౌన్లు విచ్చుకున్నాయి. ఆవిడ ముఖం వెలిగిపోయింది. పెద్దక్క ఊరుకోకుండా వెనక గదిలోకి వెళ్ళి చూసింది. అక్కడ చక్రం. గోడలు మందం కాబోలు, ఇక్కడ రాదండీ అని అదీ చెప్పేసింది. మేనేజరు నుదురు పట్టుకున్నాడు. వెనక గదిలో బట్ట తానులుంటాయి, వాటికి గౌన్లు చూపించే పనేముంది అని ఆవిడ నవ్వి, ఒకటి ఇమ్మంది.

తిరిగొచ్చాక ఏరియా ఆఫీసరు కాగితం ఆమె ముందు పెట్టాడు. మూడు గడుల్లో టిక్కులు, ఏడు ఖాళీ.

"మిగతావి ఎందుకు చెప్పలేదు?"

"గుర్తు రాలేదండీ."

"మన సిగ్నల్ రాదని మాత్రం గుర్తొచ్చింది."

"రాలేదు కదండీ మరి. కొనుక్కుని ఇంటికెళ్ళాక తెలిస్తే ఆవిడ రేపు మళ్ళీ ఇక్కడికే వస్తుంది, తిట్టడానికి."

ఆయన ఏమనబోయాడో గానీ గుమ్మంలో బట్టలు కుట్టే ఆవిడ మళ్ళీ కనిపించింది. పక్క కొట్టు బేకరీ ఆయన్ని, ఇంకొకావిణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళ చోట్లలో కూడా చూసి చెప్పాలట. మాటల మిషను ముందుకొస్తే బేకరీ ఆయన మర్యాదగానే, ఉన్నదున్నట్టు చెప్పే ఆవిడే కావాలన్నాడు. పెద్దక్క వాళ్ళతో వెళ్ళింది. బేకరీలో వచ్చింది, ఆయన కొన్నాడు. రెండో ఆవిడ మేడ మీద గదిలో రాలేదు. ఆవిడ కొనలేదు, కానీ కొట్టు దాకా వచ్చి థాంక్స్ చెప్పి పోయింది.

ఆఫీసరు ఫుట్‌పాత్ మీద నిలబడి పైవాళ్ళతో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. లోపలికొచ్చి, సిగ్నల్ సంగతి చూడడానికి ఇంజనీరు వస్తాడని మేనేజరుకు చెప్పాడు. పెద్దక్కతో, "రేపట్నుంచి మీరు కౌంటర్లో," అన్నాడు. "కాకపోతే, ఎవరైనా అడిగితేనే చెప్పండి."

"అడక్కపోయినా చెప్పేస్తానండీ, నా వల్ల కాదు," అంది పెద్దక్క. ఆయన నవ్వాపుకోలేక అట్ట అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు పెద్దక్క తన సొంత చోటుగా కౌంటరు వెనక నిలబడింది. ఆనందంతో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నలుగురు వరసలో ఉన్నారు. ముగ్గురి పని చూసి పంపి తలెత్తేసరికి నాలుగో మనిషి అత్తగారు. ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, ఒంటరిగా బస్సెక్కి వచ్చి, ఎవరికీ చెప్పకుండా వరసలో నిలబడింది.

"ఏం కావాలండీ?" అంది పెద్దక్క.

"ఏమీ వద్దమ్మా. నిన్ను చూసిపోదామని వచ్చా," అని అత్తగారు ఆమెను తల నుంచి కౌంటరు అంచుదాకా తృప్తిగా చూసుకుని, వెనకున్నాయన పని ఆగిపోతుందని పక్కకు తప్పుకుంది.