మూడో సీసా ఇవ్వని ఇస్రాయేలు

"గది స్టెరాయిడ్, కాకా! పోరని ఎదుగుదల ఆగిపోతే ఎవలది జిమ్మేదారి?"

డాక్టరు రాసిన స్ప్రే ఎందుకు కొనలేదని ఇస్రాయేలు అడిగినందుకు సుచరిత అన్న మాట ఇది. అతడు చౌటుప్పల్ బస్టాండు వెనక మందుల దుకాణంలో పనిచేస్తాడు. ఆమె కెమిస్ట్రీ చదివి, ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం చేస్తోంది. ఆమె కొడుకు రిత్విక్‌కు ఐదేళ్లు. నెల రోజులుగా ముక్కులో ఊరే చీమిడి వెనక నుంచి గొంతులోకి జారుతోంది. పడుకోబెడితే చాలు, దగ్గు. డాక్టరు ఉప్పునీటి చుక్కలూ, ముక్కులో కొట్టే స్ప్రే కూడా రాశాడు. స్ప్రే జోలికి పోకుండా, ముక్కును వెంటనే తెరిచే చుక్కల మందును ఆమె సొంతంగా కొనుక్కుపోయింది. ఇప్పుడు మూడో సీసా అడుగుతోంది.

"ఇయ్య," అన్నాడు ఇస్రాయేలు.

ఖరీదైన స్ప్రే అంటగట్టడానికే ఈ ఎత్తని ఆమెకు అనుమానం. "గా స్ప్రే మీద నీకెంత కమీషన్?"

"శానా. గందుకే గిసొంటి బంగళాల ఉంటున్న," అని తలపైన కాలిపోతున్న రేకులు చూపించాడు. "నవ్వులాట కాదు బిడ్డా. గీ చుక్కలు నేను పదకొండేండ్లు పోసుకున్న."

ఇస్రాయేలు ఒకప్పుడు ఊరి పక్కనున్న మందుల కంపెనీలో ఆ చుక్కల సీసాలనే అట్టపెట్టెల్లో సర్దే కూలీ. జలుబు చేసినప్పుడు ఒకసారి పోసుకుంటే హాయిగా గాలాడింది. మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికంటే గట్టిగా పూడుకునేది. మళ్లీ పోసుకునేవాడు. చర్చిలో ప్రార్థనకు కూర్చున్నా జేబులో సీసా ఉండాల్సిందే.

"కంపెనీ వాసనకు ఊరంత ముక్కు మూసుకుంటుంటే, నాకు వాసనే తెల్వకపాయె. ఉత్తగ లొల్లి చేస్తున్నరనుకున్న."

సుచరిత నవ్వలేదు. "మరెట్ల మానినవ్?"

"పెద్ద దవాఖానల డాక్టరమ్మ ముందుగాల ముక్కుల ఒక్క దిక్కు చుక్కలు బంద్ చేపిచ్చింది. అది సాఫైనంక రెండోది. గప్పుడు నన్ను ఆదుకున్నది గా స్ప్రేనే. అంతకుముందు ఏ డాక్టరు అడిగినా నాలుగు దినాలే పోసుకున్న అనేటోన్ని. ఆళ్లు దానికి తగ్గ మందే రాస్తుండిరి. నువ్వు ఎన్ని దినాలు పోసినవ్?"

"ఐదారు..." అంటూనే ఆగిపోయింది. ఐదారు రోజుల్లో రెండు సీసాలు ఖాళీ కావు. డాక్టరునూ, కంపెనీ పొగనూ, చివరికి ఈయననూ అనుమానించింది. తన చేతిలోని సీసాను మాత్రం అనుమానించలేదు.

సాయంత్రం డాక్టరు దగ్గర ఇరవై రెండు రోజులని ఒప్పుకుంది. ఆయన ఆ చుక్కలు ఆపించి, స్ప్రే మొదలుపెట్టించాడు. స్ప్రే మోతాదు చాలా చిన్నదనీ, అయినా పిల్లవాడి ఎత్తు అప్పుడప్పుడు కొలుద్దామనీ చెప్పాడు. మొదటి వారం రిత్విక్ ఏడుపుతోనే గడిచింది. మూడో వారానికి నోరు మూసుకుని, ముక్కుతోనే గాలి పీలుస్తూ నిద్రపోతున్నాడు.

ఆ కబురు చెప్పడానికి వెళ్తే ఇస్రాయేలు ఒక్క మాటే అన్నాడు. ఇప్పుడు సుచరిత ఇంట్లో ఏ మందు తెరిచినా జరిగేది అదే: "మూత తీసిన దినమే సీసా మీద తారీఖు రాయి బిడ్డా. డాక్టరు అడిగితే నోటితోని చెప్పకు, సీసా చూపెట్టు."