గాలి చొరని గది

ఫోన్‌లో ఫొటోను లచ్చన్న రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. కనుచూపు మేర తెల్లగా పరుచుకున్న నేల, దాని మీద చిన్న చెక్క ఇల్లు, పక్కనే నిలబెట్టిన జీపు. రెండో ఫొటో ఆ ఇంటి లోపలిది. గోడలకు రెండు మంచాలు, మూలన పొయ్యి, నేలలో నాలుగు గుండ్రటి రంధ్రాలు. రంధ్రాల్లో నల్లటి నీళ్ళు కనిపిస్తున్నాయి.

"ఆ తెల్లనిది నేల కాదు, చెరువు. గడ్డకట్టుకుపోయింది," అన్నాడు హాజీ మక్కీ. "నలభై ఏళ్ళ కింద ఫ్యాక్టరీవాళ్ళు కెనడాలో పని నేర్చుకోవడానికి పంపితే, అక్కడి దోస్తు ఒకడు నన్ను ఇలాంటి ఇంట్లో పడుకోబెట్టాడు. రాత్రంతా ఇంట్లో కూర్చుని నేలలోంచి చేపలు పట్టాం."

"కరిగిపోతే?" అన్నాడు లచ్చన్న.

"కరగకముందే ఇంటిని లాక్కుపోతారు."

లచ్చన్న మళ్ళీ ఫొటో చూశాడు. నీళ్ళ మీద జీపు నిలబడింది. కింద చెరువు పెట్టుకుని మనుషులు మంచాల మీద నిద్రపోతారు. పందొమ్మిదేళ్ళు ఎడారిలో ఎండకు కాలిన మనిషికి అది మింగుడుపడలేదు. ఇలాంటిదే తనకూ ఒకటి కావాలని, కాకపోతే సముద్రం మీద తేలాలని హాజీ మక్కీ అన్నప్పుడు, ముసలాయనకు మతి తప్పిందేమో అనుకున్నాడు.

హాజీ మక్కీది బహ్రెయిన్‌లో నువైద్రాత్ అనే ఊరు. వయసు అరవై ఎనిమిది. ఫ్యాక్టరీలో వెల్డింగ్ సూపర్‌వైజరుగా రిటైరయ్యాడు. భార్య పోయింది, కొడుకు ముహర్రక్ ఎయిర్‌పోర్టులో పనిచేస్తాడు, కూతురు జహ్రా స్కూల్లో టీచరు. వాళ్ళ వీధిలో కడుతున్న మూడంతస్తుల ఇంటికి లచ్చన్న కంపెనీ పనివాళ్ళు వచ్చినప్పుడు, ఊడిపోయిన గేటు తలుపును ఎవరూ అడక్కుండానే లచ్చన్న సరిచేసి పెట్టాడు. పరిచయం అలా మొదలైంది. వచ్చిన కొద్ది హిందీలోనే ఇద్దరూ మాట్లాడుకునేవారు. హాజీ అతన్ని 'నజ్జార్' అనేవాడు, వడ్రంగి అని. లచ్చన్న ఆయన్ని 'బాబా' అనేవాడు.

లచ్చన్నది జగిత్యాల దగ్గర పల్లె, వడ్రంగం చేసే వడ్ల వాళ్ళ ఇల్లు. వాళ్ళ నాయిన చేసిన దర్వాజాలు ఆ చుట్టుపక్కల ఇంకా నిలిచి ఉన్నాయి. లచ్చన్న మాత్రం బహ్రెయిన్‌కు వచ్చినప్పటి నుంచి సెంట్రింగ్ పనే చేశాడు. కాంక్రీటు పోయడానికి చెక్కలు బిగించాలి, అది గట్టిపడ్డాక ఊడదీయాలి. ఆ పనిలో నేర్చుకోవలసిన విద్య ఒక్కటే, సందు వదలకూడదు. చెక్కకూ చెక్కకూ మధ్య గోరంత సందున్నా సిమెంటు పాలు కారిపోతాయి, ఫోర్‌మన్ తిడతాడు. పందొమ్మిదేళ్ళలో ఆ ఒక్క విద్య లచ్చన్న చేతి ఎముకల్లోకి దిగిపోయింది.

నవంబరు నుంచి ప్రతి శుక్రవారం అస్కర్‌లోని కంపెనీ క్యాంపు నుంచి పొద్దున్నే బయలుదేరి హాజీ ఇంటి వెనకాల జాగాకు వెళ్ళేవాడు. కంపెనీ వీసా మీద ఉన్నవాడు బయట పని చేయకూడదు. ఆ భయం ఉన్నా, ఊడదీయనక్కర్లేని చెక్కపని ఇన్నేళ్ళకు చేయొచ్చన్న ఆశ దాన్ని మించిపోయింది. నీలి ప్లాస్టిక్ పీపాలు, ఇనప చట్రంతో హాజీ అప్పటికే పెద్ద తెప్ప కట్టి పెట్టుకున్నాడు. దాని మీద పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు ఉన్న గది లేచింది. రెండు ప్లైవుడ్ పొరల మధ్య చలి రాకుండా థర్మోకోల్ పలకలు. గోడకు గొలుసులతో వేలాడే రెండు మంచాలు, పొద్దున మడిచి కొక్కేనికి తగిలించవచ్చు. వాటి కింద సామాను పెట్టుకునే పెట్టెబల్లలు. కప్పులు జారిపోకుండా అంచు ఎత్తుగా కట్టిన అర, గాలాలకు వరసగా మేకులు, మూలన సిమెంటు రేకు మీద బోల్టులతో బిగించిన గ్యాస్ హీటరు. నేలలో రెండు రంధ్రాలు తీసి, అంచులకు రేకు చుట్టి, రబ్బరు వేసిన మూతలు చేశాడు.

రెండో శుక్రవారమే హాజీ గోడ మీద అరచేయంత గళ్ళు రెండు గీశాడు. ఒకటి హీటరు పక్కన కింద, ఇంకొకటి ఎదుటి గోడ పైన.

"ఇక్కడా ఇక్కడా గాలికి దారి వదులు. వీటిని ఎప్పుడూ మూయకు. కెనడావాళ్ళు నాకు మొదట చెప్పిన మాట అదే."

లచ్చన్న రెండూ తీశాడు. ఆరో వారం పెట్టెబల్ల చేసేటప్పుడు కింది రంధ్రం దాని వెనక్కి పోయింది. పెట్టె పలకకూ రంధ్రం పెట్టాలనుకున్నాడు గానీ అప్పటికే చీకటి పడింది. తర్వాతి శుక్రవారం తలుపు పని ముందుకొచ్చి ఆ సంగతి మనసులోంచి జారిపోయింది. పై రంధ్రంలోంచి వాన జల్లు, దుమ్ము పడుతున్నాయని దానికి జరిపే పలక పెట్టాడు. కావాలంటే తెరుచుకోవచ్చు కదా అని. పని అయిపోయిన రోజు అగరుబత్తి వెలిగించి తలుపు సందుల వెంట తిప్పాడు. పొగ ఎటూ వంగకుండా నిలువుగా లేచింది. హాజీ అతని వీపు తట్టాడు. ఆ రాత్రి లచ్చన్న భార్య దుర్గవ్వకు ఫోన్ చేసి, గది నాలుగు మూలలూ వీడియోలో చూపించాడు.

జనవరి నడుమ ఒక గురువారం సాయంత్రం మొదటిసారి సముద్రం మీదికి వెళ్ళారు. క్యాంపులో పక్క మంచం వాడు వెంకటి, మెట్‌పల్లి పిలగాడు, ఆపి చూశాడు.

"నీళ్ళ మీద పండుడేందే అన్నా? నీకు ఈతగూడ రాకపాయె."

"నేను జేసిన గదిల నేనే పండకుంటే ఎట్లరా," అన్నాడు లచ్చన్న.

హాజీ తెప్పను లారీలో ఒడ్డుకు చేర్పించి, తన చిన్న పడవతో లాగి, అస్కర్ ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఎదురుగా కనిపించే చోట, లోతు తక్కువగా ఉన్నచోట లంగరు వేశాడు. లోపల హీటరు వెలిగించి, నేల మూతలు తీసి, చెరో రంధ్రం పక్కన కూర్చున్నారు. గాలం లాగగానే మొదటి చేప గది నడిమధ్య నేలలోంచి గిలగిలా కొట్టుకుంటూ పైకొచ్చింది. లచ్చన్న ఒక్క ఉదుటున మంచం మీదికి ఎగబాకాడు. హాజీ నవ్వి నవ్వి దగ్గాడు. అక్కడ సాఫీ అని పిలిచే చేపలు పదకొండు పడ్డాయి. నాలుగు కాల్చుకు తిన్నారు. కెనడా దోస్తు గురించి, చనిపోయిన భార్య గురించి హాజీ చాలాసేపు చెప్పాడు.

ఉత్తరపు గాలి లేచింది. హాజీ దగ్గు ఆగలేదు. ఆయన పడుకున్నాక లచ్చన్న నేల మూతలు బిగించాడు. పై రంధ్రంలోంచి చల్లగాలి నేరుగా ఆయన మంచం మీదికి కొడుతోంది. పలక జరిపి మూశాడు. గది వెచ్చబడింది. నిద్ర హాయిగా పట్టింది.

మెలకువ వచ్చేసరికి తల రెండుగా పగిలిపోతున్నట్టుంది. కడుపులో తిప్పుతోంది. సముద్రం పడలేదనుకున్నాడు. లేవబోతే కాళ్ళు మాట వినలేదు. నేల మీద పాకి, తలుపు గడియ తీసి, బయట చెక్కల మీద బోర్లా పడి కక్కుకున్నాడు. ఎంతసేపు అలా పడి ఉన్నాడో అతనికి తెలియదు. కళ్ళు తెరిచేసరికి తూర్పు తెల్లబడుతోంది. చలిగాలికి తల కాస్త తేలికైంది.

"బాబా," అని పిలిచాడు. మళ్ళీ పిలిచాడు, గట్టిగా.

లోపలికి వంగి చూశాడు. హాజీ ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉంది. హాయిగా నిద్రపోతున్నాడనే అనుకున్నాడు. భుజం పట్టి కుదిపాడు, చెంప మీద కొట్టాడు. తల అటు వాలిపోయింది. అప్పుడు లచ్చన్న చూపు మూలన పసుపుపచ్చగా వణుకుతున్న హీటరు మంట మీద పడింది, అక్కణ్ణించి గోడ పైన మూసి ఉన్న పలక మీదికి వెళ్ళింది.

అది తను చిత్రిక పట్టిన పలక, తన చేత్తో జరిపిన పలక. కాసేపు దానివైపే చూస్తూ నిలబడిపోయాడు. మళ్ళీ తల తిరగడం మొదలైనప్పుడే కదిలాడు. హీటరు ఆపి, ఊపిరి బిగబట్టి, హాజీ చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చాడు. ముక్కు దగ్గర చెంప పెట్టి చూశాడు. ఊపిరి ఉందో లేదో అన్నంత మెల్లగా ఆడుతోంది.

చేతికొచ్చిన నంబరు వెంకటిది.

"బాబా లేస్తలేడురా. నేనే మూసిన. నేనే..."

"ఏం మూసినవ్? అన్నా, ఏమైంది?"

"సచ్చిపోతున్నడురా."

వెంకటి ఒక్క క్షణం ఆగాడు. "తొమ్మిది తొమ్మిది తొమ్మిదికి కొట్టు అన్నా, ఇప్పుడే. మరి నీ వీసా..."

"వీసా పోనీ," అని పెట్టేశాడు లచ్చన్న.

ఆ నంబరుకు కొట్టాడు. అవతలి మనిషికి హిందీ వచ్చు. ఫ్యాక్టరీ పొగగొట్టాలు ఎటున్నాయో, సూర్యుడు ఎటు లేస్తున్నాడో చెప్పాడు. కోస్ట్‌గార్డ్ పడవ వచ్చేదాకా హాజీ తల ఒళ్ళో పెట్టుకుని, ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. ఏ దేవుణ్ణి తలుచుకోవాలో కూడా తోచలేదని తర్వాత వెంకటితో చెప్పాడు.

ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. గాలి ఆడని చోట హీటరు మండితే పుట్టే విషవాయువు అనీ, దానికి రంగూ వాసనా ఉండవనీ డాక్టరు చెప్పాడు. ఇంకో గంట ఉంటే ఇద్దరూ లేచేవాళ్ళు కాదట. పోలీసు వచ్చి పేరు, నంబరు రాసుకున్నాడు. లచ్చన్నను సాయంత్రానికి పంపేశారు. క్యాంపులో అతను తినలేదు, ఎవరితో మాట్లాడలేదు. కంపెనీ ఆఫీసు నుంచి పిలుపు వస్తుందని రెండు రోజులు చూశాడు. ఎవరూ పిలవలేదు. అతను మా నాన్నకు అతిథి, చేపలకు తోడు వెళ్ళాడని జహ్రా పోలీసులకు చెప్పిందని తర్వాత తెలిసింది.

నాలుగో రోజు హాజీ కళ్ళు తెరిచాడని విని డ్యూటీ మానేసి ఆసుపత్రికి పోయాడు. జరిగింది చెప్పి కాళ్ళు పట్టుకోవాలని దారంతా మాటలు కూడబెట్టుకున్నాడు. మంచం దగ్గర నిలబడి, "బాబా, నేను," అన్నాడు.

హాజీ అతన్ని కింది నుంచి మీదికి చూశాడు. తర్వాత కూతురివైపు తిరిగి అరబ్బీలో ఏదో అడిగాడు.

"నువ్వెవరని అడుగుతున్నాడు," అంది జహ్రా.

పోయిన ఆరేడు నెలలూ ఆయనకు గుర్తులేవని, గది కట్టించిన సంగతే తెలియదని ఆమె చెబుతుంటే లచ్చన్న వింటూ నిలబడ్డాడు. తిడతాడనుకున్నాడు, ముఖం తిప్పుకుంటాడనుకున్నాడు. తనెవరో తెలియని మనిషి ముందు నిలబడాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు.

వరండాలో జహ్రాకు అంతా చెప్పాడు. పెట్టె వెనక్కి పోయిన రంధ్రం గురించి చెప్పాడు, పై పలక గురించి చెప్పాడు, ఎప్పుడూ మూయొద్దని హాజీ ముందే అన్న మాట కూడా దాచలేదు. వింటున్నకొద్దీ ఆమె ముఖంలో రక్తం తగ్గిపోయింది. గోడకు ఆనుకుంది.

"చలి కొట్టకూడదని మూశావా?"

"అవును, దీదీ."

"ఈ మాట నీ నోటి నుంచి కాక వేరే ఎవరి దగ్గరైనా విని ఉంటే నిన్ను తిట్టగలిగేదాన్ని," అంది. తలుపు మీద చెయ్యి వేసి, "మా అన్నకు చెప్పకు," అని లోపలికి వెళ్ళిపోయింది.

పది రోజుల తర్వాత ఆమే ఫోన్ చేసింది. హాజీ ఇంటికి వచ్చాడు. సముద్రం నుంచి లాక్కొచ్చి ఇంటి వెనకాల పెట్టిన గదిని చూసి, ఇది నాదేనా అని రోజంతా అందులోనే కూర్చుంటున్నాడు. "హీటరు ఊడదీయించేశాను. వచ్చి రంధ్రాలు తీయి. నేను నిలబడి చూస్తాను," అంది. లచ్చన్న పెట్టెబల్ల పలక కోశాడు, పైన జరిపే పలకను పీకేశాడు, తలుపు రబ్బరు లాగేశాడు, ఇంకో రెండు చోట్ల గోడ కోశాడు. ప్రతి రంధ్రానికీ జహ్రా అరచేయి అడ్డం పెట్టి గాలి తగిలేదాకా ఉండి చూసింది.

హాజీకి కొన్ని జ్ఞాపకాలు తిరిగొచ్చాయి. మార్చి కల్లా లచ్చన్నను మళ్ళీ 'నజ్జార్' అంటున్నాడు. ఆ రాత్రి మాత్రం రాలేదు. శుక్రవారం లచ్చన్న వెళితే గదిలో ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగేవాడు.

"మనం నిజంగా సముద్రం మీద పడుకున్నామా? చేపలు పడ్డాయా?"

"పదకొండు, బాబా."

"పదకొండా!" అని చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. "తర్వాత?"

"తర్వాత పడుకున్నాం."

మూడు శుక్రవారాలు అంతటితో ఆపాడు. నాలుగోసారి ఆగలేకపోయాడు. పలక జరపడం నుంచి, బయట చెక్కల మీద హాజీ ముక్కు దగ్గర చెంప పెట్టడం దాకా అంతా చెప్పాడు. హాజీ వేరే ఎవరి కథో వింటున్నట్టు విన్నాడు.

"మూయొద్దని నేను నీకు చెప్పలేదా?"

"చెప్పారు, బాబా."

"చెప్పానా," అన్నాడు హాజీ. పెట్టెబల్ల పలకలోని రంధ్రానికి అరచేయి అడ్డం పెట్టి గాలి చూశాడు. "నాకు గుర్తులేదు. గుర్తులేనిదానికి నిన్ను ఏమనాలో తెలియడం లేదు."

మసీదులో పిలుపు వినిపించింది. హాజీ లేవబోయాడు. లచ్చన్న చెయ్యి అందించాలా వద్దా అని తటపటాయిస్తుండగానే ఆయన అతని భుజం పట్టుకుని లేచి, ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఇక పిలవరనుకున్నాడు లచ్చన్న. వెంకటితో కూడా అదే అన్నాడు. బుధవారం మధ్యాహ్నం సైటులో ఉండగా జహ్రా ఫోన్ వచ్చింది.

"బాబా అడగమన్నాడు. శుక్రవారం వస్తావా?"

"వస్త," అన్నాడు, హిందీ కూడా మరిచిపోయి.