మంజీర దిక్కు అక్క

పట్నం శివారు నాచారంలో మేము అద్దెకున్న ఇంట్లో కింది వాటాలో ఒక అక్క ఉండేది. మందుల ఫ్యాక్టరీలో పని చేసేది. నల్లాలో మంజీర నది నీళ్లు రోజు విడిచి రోజు, అదీ అరగంటే వచ్చేవి. నల్లా తిప్పగానే ఆమె మొదటి దోసిలి తాగి, తర్వాతే బిందె పెట్టేది. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేది.

ఒక ఎండాకాలం నీళ్లు మరీ సన్నగా వస్తున్నాయి. వరుసలో అందరి చూపూ ముందున్న బిందె మీదే. అక్క మూడో బిందె పెట్టగానే ఇంటి ఓనరమ్మ దాన్ని కాలితో పక్కకు జరిపింది.

"ఏడికెళ్లో వస్తరు. మా మంజీర నీళ్లన్నీ మీకే కావాలె."

అక్క కొడుతుందేమో అనుకున్నాను. ఆమె కూర్చుని, తడి వేలితో గచ్చు మీద గీత గీసింది.

"మంజీర మరాఠోళ్ల గుట్టలల్ల పుడ్తదమ్మా. బీదర్ దాటి మా దిక్కు వస్తది. గీడ సింగూరు డ్యామ్ కట్టిన్రు. అది దాటినంక ఉత్తరానికి మర్లి గోదారిల కలుస్తది. గా డ్యామ్ నీళ్లల్లనే మా ఊరు మునిగింది. నాకప్పుడు ఏడేండ్లు. పట్నానికి తాగనీకె నీళ్లు కావాలన్నరు. మా నాయన ఇల్లిడిసి వచ్చిండు."

బిందె లేని నల్లా నుంచి నీళ్లు మోరీలోకి పోతున్నాయి. అక్కే లేచి ఓనరమ్మ బిందెను నల్లా కింద పెట్టింది.

"పారవోతున్నయి. పట్టుకోన్రి."