కొట్లాడని ఆర్కెస్ట్రా ఎవలికి గావాలె?

ఇయ్యాల మా ఆర్కెస్ట్రాకు గణపతి పండుగ ప్రోగ్రాం అడుగుదామని మంచిర్యాల దిక్కు ఓ బొగ్గుగనుల కాలనీకి పోయినం. నేను పాడుత, శంకర్ గిటార్ కొడుతడు. కమిటీ కాకా శంకర్ పొడుగు జుట్టు చూసి అడిగిండు:

"పోయినేడు వచ్చినోళ్లు స్టేజీ మీదనే తన్నుకున్నరు తమ్మీ. జనం ఒక్కలు గూడ కుర్సీల నుంచి లేవలే, గంత మంచిగ చూసిండ్రు. మీరు కొట్లాడుతరా?"

"లే కాకా, మేం అన్నదమ్ముల లెక్క ఉంటం," అన్న నేను.

"గట్లనా? అయితే మల్లెప్పుడన్న చూద్దాం తియ్యి."

బయటికి రాంగనే శంకర్ నా కాలర్ వట్టిండు. "నోరు మూసుకుంటే అయిపోతుండె గదరా!" నేనూ ఒక్కటి గుద్దిన, వాడు రెండు గుద్దిండు. కాకా ఉరికొచ్చిండు గని విడిపియ్యలే, చేతులు కట్టుకోని మంచిగ చూసిండు. ప్రోగ్రాం మాకే ఇచ్చిండు.

ఇప్పుడు పెదవి వాచి నాకు పాట వస్తలేదు. మీరే చెప్పుండ్రి, ఇగ మేం పాటలు ప్రాక్టీస్ చెయ్యాల్నా, గుద్దులా?