సానయంత్రానికి ఆయుధపూజ

1979లో నన్ను తిరుపతిలోని ఒక పెద్దాసుపత్రి హిస్టోపాథాలజీ విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైనంలో పోతపోసి, వెంట్రుక మందంలో పదో వంతుకన్నా పల్చగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కిందికి పంపడం మా పని. చూసి రోగమేదో చెప్పేది మా ప్రొఫెసర్ గారు. పేరొచ్చేది ఆయనకు, వేళ్ళు తెగేది మాకు.

ఆ కోత కోసే యంత్రం మైక్రోటోమ్. దాని కత్తి జానెడు పొడుగు, మంచి బరువు. ఈ రోజుల్లో బ్లేడు వాడి పారేస్తున్నారు. అప్పుడు ఒక్కో కత్తిని ఏళ్ళ తరబడి సానపట్టుకుంటూ కాపాడుకునేవాళ్ళం. నేను చేరేనాటికే విభాగానికి ఆటోమేటిక్ సానయంత్రం వచ్చి ఉంది. కత్తిని బిగించి మీట నొక్కితే, నూనెలో కలిపిన తెల్లటి సానపొడి పూసిన గాజుపలక మీద అది అటూ ఇటూ జరిగేది. కాసేపటికి తనంతట తానే తిరిగి రెండో వైపు అరగదీసుకునేది. మధ్యాహ్నాలు కిటికీలోంచి శేషాచలం కొండలు ఎండలో కరిగిపోతున్నట్టు కనబడేవి. యంత్రం ఒకే శ్రుతిలో గురగురమనేది. కత్తి, పక్క మీద ఒత్తిగిలే పసిబిడ్డలా, మెల్లగా ఇటు తిరిగేది, అటు తిరిగేది. చూస్తూ కూర్చుంటే ఎక్కడున్నానో మరిచిపోయేదాన్ని. ప్రొఫెసర్ గారు దాన్ని నా జోలపాట అనేవారు.

జోలపాటే గానీ, సేవలు మాత్రం అత్తగారికి చేసినట్టు చేయాలి. ముతక పొడికి ఒక పలక, మెత్తటి పొడికి ఇంకో పలక. ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మార్చేముందు కత్తిని శుభ్రంగా తుడవాలి. పలక మధ్యలో గుంటపడకుండా అప్పుడప్పుడు రెండు పలకలను ఒకదానితో ఒకటి రుద్ది చదును చేయాలి. మెత్తటి పొడిలో నాలుగు ముతక రేణువులు పడితే చాలు, కత్తి అంచు పెచ్చులూడుతుంది. పెచ్చూడిన ప్రతిచోటా కోతలో గీత పడుతుంది.

ఆ ఏడు దసరా సెలవులయ్యాక నాకు ఆ గీతలే ఎదురయ్యాయి.

అప్పుడు మైనపు దిమ్మెలో ఉన్నది పోలయ్య ముక్క. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే మనిషి. కుడి మణికట్టు దగ్గర పొంగిన పుండుతో వచ్చాడు. పైకి చూస్తే కాన్సరే. సర్జన్ గారు మోచేతి కింద నుంచి తీసేయడానికి సిద్ధమై, మా రిపోర్టు కోసం ఆగారు. పోలయ్య మా వరండాలోనే కూర్చునేవాడు. లోపల ఏం చేస్తారని నన్ను అడిగాడు. చెప్పాను. అంతా విని చెయ్యి ముందుకు చాపాడు.

"వల ఇసిరే సెయ్యమ్మా ఇది," అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు.

ముక్క చిన్నది, కోసిన ప్రతిసారీ కొంత తరిగిపోతుంది. మొదటి స్లైడు మీద నిలువునా గీతలు, సరిగ్గా చూడాల్సిన చోటే. కత్తిని మళ్ళీ సానపట్టాను. గీతలు ఎక్కువయ్యాయి. బిగింపు చూశాను, కోణం చూశాను, పలక మార్చాను. ఎంత శ్రద్ధగా సానపడితే కత్తి అంత చెడుతోంది. కనిపించినంతలో కాన్సర్‌లాగే ఉంది, రాసేద్దామా అన్నారు ప్రొఫెసర్ గారు. దిమ్మెలో ఇంకా కాస్త మిగిలి ఉందని, కత్తి బాగయ్యేదాకా దాన్ని ముట్టుకోనని, అప్పటిదాకా రాయొద్దని బతిమాలాను. బతిమాలడమేమిటి, గొంతు పెంచాను. ఆయన నన్ను ఒకసారి చూసి, సర్జన్ గారి దగ్గరికి గడువు అడగడానికి వెళ్ళారు.

మెత్తటి సానపొడి డబ్బా మూత తీసి, పొడిని తిట్టుకుంటుంటే మా ఆయా మునెమ్మ చీపురు ఆపింది. ఒకరి సొమ్ము పూచికపుల్ల ముట్టని మనిషి. ఈ పొడి పాతబడితే చెడిపోతుందా అని అడిగింది. చెడదన్నాను. ఆమె ముఖం తేటపడింది.

"అయితే భయం లేదులేమ్మా. ఆయుధపూజ నాడు మిషను ముందర ముగ్గుకు పిండి సాల్లేదు. మీ డబ్బాలోది రెండు పిడికిళ్ళు తీసుకున్నా. ఊరికే ఉంటానా? మా ఇంట్లోది తెచ్చి, తక్కువ కాకుండా సూసి పోసేసినా. కొత్త పిండి, జల్లించిందే."

మా వైపు ముగ్గుపిండి అంటే రాతిపొడి. నాకు ముందు నవ్వొచ్చింది. వెంటనే వరండాలో ఉన్న చెయ్యి గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. రాళ్ళమీద కత్తి పెట్టి, అది పదునెక్కలేదని మళ్ళీ మళ్ళీ రుద్దానన్నమాట.

డబ్బా పారబోశాం. విషయం తెలిశాక మునెమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే పలకలు, బిగింపులు అన్నీ కడిగింది. బీరువాలో మెత్తటి పొడిదే సీలు తీయని చిన్న డబ్బా ఒకటి మిగిలి ఉంది. పలకలు చదును చేసి, పెచ్చులు పోయేదాకా ముతక పొడి మీద, ఆపైన మెత్తటి పొడి మీద కత్తిని వదిలాను. యంత్రం మళ్ళీ తన పాట అందుకుంది. ఆ రోజు మాత్రం నాకు కునుకు రాలేదు.

దిమ్మెలో మిగిలిందంతా కోశాను. కోతలు ఒకదాని అంచు ఒకటి పట్టుకుని రిబ్బనులా జారాయి. గోరువెచ్చటి నీళ్ళ మీద వదిలితే ముడతలు విప్పుకుని నెమ్మదిగా తేలాయి. గీత లేదు. ఆ నీళ్ళ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, అంత ఆనందమేసింది.

ప్రొఫెసర్ గారు చాలాసేపు చూసి నన్ను పిలిచారు. మేమద్దిన గులాబీ, ఊదా రంగుల మధ్య మేమద్దని గోధుమరంగు చుక్కలు కొన్ని గుంపుగా ఉన్నాయి. ఫంగస్. ముల్లు గుచ్చుకున్న దారిన దిగి, చర్మాన్ని అచ్చం కాన్సర్‌లా పొంగించే రకం. పాత స్లైడులో అవి ఉండాల్సిన చోటు గీతలు పడి చిరిగిపోయింది. చెయ్యి తీయనక్కర్లేదని ఆయన రాశారు. పుండు మానడానికి చాలా కాలం పట్టింది, మచ్చ మిగిలింది. పోలయ్య ఆ చేత్తోనే వల విసిరాడు.

మరుసటి ఏడు ఆయుధపూజకు సానపొడి బీరువాలో పెట్టి తాళం వేశాను. ముగ్గు మునెమ్మ చేతే వేయించాను, గడప బయట, బియ్యప్పిండితో. కత్తిని ఎవరు పాడుచేశారని, గీతలు పడ్డ ఆ వారమంతా నేను అందరినీ అడిగాను. మునెమ్మనూ అడిగాను. ఆమె లేదంది, అబద్ధం కాదు, ఆమె లెక్కలో ఆమె పాడుచేయలేదు. ఆ తర్వాత నా ఉద్యోగంలో ఏ యంత్రం మొరాయించినా, దీనికి ఎవరేం మేలు చేశారని ముందు అడిగేదాన్ని. జవాబు దొరికేది.